గుప్పెడు పాత గడ్డి

తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీల్లో మీలాంటి కుర్రవాళ్ళు ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుంటే మొదటి ప్రశ్న ఒకటే ఉంటుంది. "అంకుల్, మీరు చీతాలతో వర్క్ చేశారట కదా? ఎప్పుడైనా కరిచిందా?" లేదు నాయనా. పదహారేళ్ళలో ఒక్క చీతా కూడా నన్ను కరవలేదు. పిల్లి కరిచింది ఒకసారి, అది కూడా ఫ్రిస్కోలో మా పక్కింటివాళ్ళ పిల్లి. ఈ జవాబు వినగానే మీరు నిరాశపడి బిర్యానీ వైపు తిరిగిపోతారు. మీరు దేనికైనా హాని చేశారా అని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఎప్పుడో చెప్పేసేవాణ్ణి. అడగలేదు కాబట్టి రాస్తున్నాను.

నేను ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో కొన్నేళ్ళు పశువుల డాక్టరుగా పనిచేశాను. మా ఆవిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వల్ల అమెరికా వచ్చాం. మొదట న్యూజెర్సీలో పార్సిప్పనీ, తర్వాత టెక్సాస్‌లో ఫ్రిస్కో. ఇక్కడ నన్ను డాక్టరు అనాలంటే మళ్ళీ పరీక్షలు పాసవ్వాలి. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ తప్పాను. ఆవు కడుపులో అడ్డం తిరిగిన దూడని చీకట్లో చేత్తో తడిమి సరిచేసినవాడికి కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం చేతకాలేదు. అలా దిగాలుగా ఉన్న రోజుల్లో, చీతాల్ని పెంచి పిల్లలు పుట్టించి ఆ జాతి అంతరించిపోకుండా చూసే ఒక సెంటర్‌లో కీపర్ కావాలని తెలిసింది. కీపర్ అంటే మన లెక్కలో పాలేరు. మా మామగారు ఫోన్‌లో సంగతి విని, "డాక్టరుగారు పెంట ఎత్తడానికి అమెరికా దాకా వెళ్ళాలా?" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు, నేను ఎత్తింది అదే.

సెంటర్ మా ఇంటికి నాలుగు గంటల దూరం. సోమవారం పొద్దున్నే డ్రైవ్ చేసుకుని వెళ్ళి, వారమంతా అక్కడి చిన్న గదిలో ఉండి, శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చేవాణ్ణి. చుట్టూ సున్నపురాతి గుట్టలు, పొట్టి గడ్డి, అక్కడక్కడా చెట్లు. ఒక్కో చీతాకి కంచె వేసిన పొడవాటి జాగా ఉండేది. నేను దాన్ని దొడ్డి అనేవాణ్ణి. నా దగ్గర నేర్చుకుని అక్కడి అమెరికా వాళ్ళు కూడా కొందరు "దాడీ" అనడం మొదలుపెట్టారు. చీతా అంటే మన అడవుల్లో ఉండే చిరుత కాదు. నడుము సన్నం, కాళ్ళు పొడుగు, కళ్ళ నుంచి మూతి దాకా కాటుక కరిగి కారినట్టు రెండు నల్లటి చారలు. అది సింహంలా గర్జించదు. పిల్లల్ని పిలిచేటప్పుడు పిట్ట కూసినట్టు కూస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ కూత విని తలెత్తి చెట్లలో వెతికేవాళ్ళు.

మా బాస్ యాభై దాటిన టెక్సాస్ ఆవిడ. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. నాతో పనిచేసేవాడు నాకన్నా పెద్దవాడు, ఒకప్పుడు పశువుల్ని తోలినవాడు. తల మీద టోపీ తీయగా నేను చూడలేదు. మొదటి రోజే నా పాత ఉద్యోగం సంగతి తెలుసుకుని నన్ను "డాక్" అని పిలవడం మొదలుపెట్టాడు. వెక్కిరింతో గౌరవమో మొదట తెలియలేదు. తర్వాత తెలుసుకోవాలని కూడా అనిపించలేదు, ఆ పిలుపు విని చాలా కాలమై ఉండడం వల్ల. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో అన్నవి నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

ఇక ఏడో నంబరు సంగతి. ఏడో దొడ్డిలో ఉండే ఆడ చీతా అది. దాని రక్తం పంచుకున్న చీతాలు ఈ దేశంలో ఇంకెక్కడా లేవు. అందుకని దానికి పిల్లలు పుట్టడం మా అందరికీ పెద్ద పని అయింది. రెండుసార్లు మగదానితో కలిపితే కడుపు నిలవలేదు. తొమ్మిదో ఏట, ఇక ఆశలు వదులుకునే వయసులో, చూడి కట్టింది. ఒక ఏప్రిల్ పొద్దున ఈనింది. కెమెరాలో చూసి అందరం సంతోషంతో కేకలు వేశాం. కాసేపటికి బాస్ కేకలు ఆపేసింది. పుట్టింది ఒక్కటే పిల్ల.

ఒక్క పిల్ల ఎందుకు బాధో మీకు చెప్పాలి. చీతా తల్లికి మూడు నాలుగు నోళ్ళు చీకితే తప్ప పాలు నిలవవు. ఒక్క నోటికి పాలు త్వరలోనే ఎండిపోతాయి, తల్లి పిల్లని వదిలేస్తుంది. అడవిలో అయితే వదిలేసి మళ్ళీ ఎదకొచ్చి ఈసారి నలుగుర్ని కంటుంది. కాబట్టి సెంటర్ల పద్ధతి ఒకటే. ఆ రోజుల్లోనే ఈనిన ఇంకో తల్లి ఉంటే ఒంటి పిల్లని దాని పిల్లల్లో కలిపేయాలి. మా అదృష్టం కొద్దీ మూడో దొడ్డిలోది మూడు రోజుల తర్వాత ముగ్గుర్ని ఈనింది.

"ముర్రుపాలు తాగింది, చాలు. రేపు మార్చేద్దాం," అంది బాస్. తర్వాత, ఆవిడ స్వభావానికి చాలా ఎక్కువగా, ఇంకో మాట కూడా అంది. "ఏడుని మళ్ళీ కలుపుదాం. ఈసారి నాలుగు పుడితే దాని పిల్లల్ని అదే పెంచుకుంటుంది."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఏడో నంబరుకి అది తల్లిగా బతికే ఆఖరి అవకాశం.

మార్చే పని నాకిచ్చారు. మన పల్లెల్లో దూడ చనిపోతే ఆవు పాలు చేపదు. అప్పుడు చనిపోయిన దూడ తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెడతారు. ఆవు దాన్ని వాసన చూసి నాకుతుంది, పాలు చేపుతుంది. వాసనే బిడ్డ. ఈ సూత్రంతో మూడో నంబరు పిల్లలతో ఉండే చెక్క గూట్లోంచి దాని పిల్లలు పడుకున్న తడి గడ్డి తీసి ఏడో నంబరు పిల్లకి తల నుంచి తోక దాకా రుద్దాను. మూడోది మాంసం తినడానికి బయటికి వచ్చిన ఐదు నిమిషాల్లో, పిల్లని మిగతా ముగ్గురి మధ్యలో దూర్చి వచ్చాం. అది తిరిగి వచ్చి నలుగుర్నీ వాసన చూసింది. కొత్తదాన్ని రెండుసార్లు చూసింది. తర్వాత నాకి, పక్కకి పడుకుంది.

నా సంతోషం చెప్పనలవి కాదు. తోలు దూడ కథంతా టోపీ పెద్దమనిషికి వివరించి, ఒంగోలు విద్య టెక్సాస్‌లో పారిందని చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "చాలా బాగుంది డాక్. మేం ఇరవై ఏళ్ళ నుంచీ ఇలాగే చేస్తున్నాం," అన్నాడు.

ఆ సాయంత్రం ఏడో నంబరు కూయడం మొదలుపెట్టింది.

గూట్లోకి వెళ్ళేది, వచ్చేది, కంచె వెంబడి చివరిదాకా నడిచేది, ఆగి కూసేది. జవాబు వస్తుందేమోనని చెవులు నిక్కబొడుచుకుని నిలబడేది. మళ్ళీ కూసేది. నేను మాంసం తెస్తే నా చేతుల వైపు చూసేది. తిండి కోసం కాదని నాకు తెలుసు. ఆ చేతులే కదా తీసుకెళ్ళింది.

ఆ రోజు మధ్యాహ్నమే బాస్ ఏడో నంబరు గూడు శుభ్రం చేయించింది. "పాత గడ్డి అంతా తీసెయ్. కడిగెయ్. వాసన మిగలకూడదు. వాసన పోతే వారంలో మరిచిపోతుంది, మూడు వారాల్లో ఎదకొస్తుంది," అని స్పష్టంగా చెప్పింది. అంతా తీశాను, కడిగాను, కొత్త గడ్డి వేశాను. పాత గడ్డి పారబోయడానికి తీసుకెళ్తూ, ఎందుకో అప్పుడు నాకే తెలియదు, ఒక గుప్పెడు తీసి నా సంచిలో దాచాను.

మూడు రోజులు అది కూస్తూనే ఉంది. నాలుగో రోజు పొద్దున నేనిక తట్టుకోలేకపోయాను. ఆవు ముందు తోలు దూడని నిలబెట్టినవాణ్ణి, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా. ఆ గుప్పెడు గడ్డి తెచ్చి, గూట్లో ఒక మూల కొత్త గడ్డి కింద పెట్టాను. ఏడో నంబరు లోపలికి వెళ్ళింది. వాసన చూసింది. కొత్త గడ్డిని కాలితో తోసి, పాతదాని చుట్టూ ఒళ్ళు ముడుచుకుని పడుకుంది. కూత ఆగింది. నేను కంచె బయట నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. పుణ్యం చేశానని అనుకున్నాను, మీ దగ్గర దాచడం ఎందుకు.

ఆవుకి తోలు దూడ ఎందుకు పెడతారో నేను మరిచిపోయాను. పాలు ఆగకుండా ఉండడానికి. బిడ్డ ఇంకా ఉందని నమ్మించడానికి. ఏడో నంబరు విషయంలో మాకు కావలసింది దానికి సరిగ్గా ఎదురు. బిడ్డ లేదని అది నమ్మాలి. ఇంత చిన్న సంగతి పశువుల డాక్టరుకి తట్టలేదు.

వారం గడిచింది, రెండు గడిచాయి. ఏడో నంబరు గూడు వదిలేది కాదు. తినడానికి వచ్చి నాలుగు ముక్కలు మింగి, పరుగున లోపలికి వెళ్ళిపోయేది. కంచె వెంబడి నడక మానేసింది. బాస్ రోజూ చూసి పెదవి విరిచేది. "ఎందుకింకా తేరుకోవడం లేదు?" అని ఒకసారి నన్నే అడిగింది. "వయసు కదా," అన్నాను. ఆ రెండు మాటలు నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎందుకు తీసెయ్యలేదని మీరడుగుతారు. రెండుసార్లు వెళ్ళాను తీద్దామని. రెండుసార్లూ అది ఆ గడ్డి మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. వెనక్కి వచ్చేశాను.

ఇంతలో మగది వచ్చింది. వేరే రాష్ట్రంలోని సెంటర్ నుంచి ఇరవై ఐదు రోజులకోసం తెప్పించారు. వయసు, ఆరోగ్యం అన్నీ చూసి, అప్పటికి ఏడో నంబరుకి సరిపోయే మగది అదొక్కటే అని తేల్చారు. చీతాల్లో పెళ్ళిచూపులు వింతగా ఉంటాయి. ఆడదాన్ని పక్క దొడ్డిలోకి మార్చి, ఖాళీ దొడ్డిలోకి మగదాన్ని వదులుతాం. ఆడది ఎదలో ఉంటే ఆ వాసనకి మగది ఊరుకోలేదు. నేలంతా వాసన చూస్తూ, గొంతులో నత్తి నత్తిగా మొరుగుతుంది. ఆ మొరుగుడు వినబడితే ఇద్దర్నీ కలుపుతాం. వినబడకపోతే మర్నాడు మళ్ళీ చూస్తాం.

ఇరవై ఐదు రోజులు చూశాం. మొరగలేదు. ఇరవై ఆరో రోజున లారీ వస్తుంది, దాన్ని తీసుకెళ్ళిపోతుంది.

ఆ చివరి పొద్దున మేం ముగ్గురం కంచె బయట నిలబడ్డాం. బాస్ చేతిలో కాఫీ చల్లారిపోయింది. మగది దొడ్డి మొత్తం ఒకసారి తిరిగింది. రాయి వాసన చూసింది, చెట్టు మొదలు వాసన చూసింది. గూటి దగ్గరికి వచ్చి తల లోపలికి పెట్టింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత పంజాతో లోపలి గడ్డిని బయటికి లాగింది, మూతి చిట్లించింది, అలా నడుచుకుంటూ వెళ్ళి ఎండలో ఆవులిస్తూ పడుకుంది.

"అయిపోయింది," అంది బాస్. కాఫీ నేలమీద పారబోసి ఆఫీస్ వైపు వెళ్ళిపోయింది. మగదాన్ని లారీ ఎక్కించాం.

తర్వాత గూడు సర్దడానికి టోపీ పెద్దమనిషి, నేను లోపలికి వెళ్ళాం. గుమ్మం దగ్గర పడి ఉన్న గడ్డిని ఆయన గడ్డి లాగే దంతెతో కదిలించాడు. పచ్చటి కొత్త గడ్డిలో నల్లబడిన పాత పరకలు విడిగా కనబడుతున్నాయి. వంగి, తీసి, వాసన చూశాడు. పశువులతో బతికినవాడు, చెప్పక్కర్లేదు.

"డాక్, ఇది ఈ నెల గడ్డి కాదు."

ఆయన నా మొహం చూశాడు. తర్వాత ఆ గుప్పెడు గడ్డిని బండిలో వేసి, పైన వేరే చెత్త కప్పి, "నేనేం చూడలేదు," అన్నాడు.

ఆ మాట ఎంత దయతో అన్నాడో నాకు తెలుసు. అది పట్టుకుని బతికెయ్యవచ్చు. బాస్‌కి ఎప్పటికీ తెలియదు. దాని వయసు మీదికి నెట్టేయవచ్చు. మధ్యాహ్నం దాకా మాంసం ముక్కలు కొడుతూ ఇదే ఆలోచించాను. పక్క దొడ్డి నుంచి తిరిగి వచ్చిన ఏడో నంబరు గూట్లోకి వెళ్ళింది. ఆ పాత గడ్డి లేదు. బయటికి వచ్చింది. కూసింది. ఒక్కసారే.

కత్తి కడిగి పెట్టి ఆఫీస్‌కి వెళ్ళాను.

బాస్ అంతా విన్నది. నేను ముగించాక కిటికీలోంచి గుట్టల వైపు చూస్తూ కూర్చుంది. ఆవిడ అరిస్తే బాగుండును అనిపించింది.

"అదొక్కటే కారణమని నేను చెప్పలేను," అంది చివరికి. "కాదనీ చెప్పలేను. దానికి తొమ్మిదేళ్ళు. బహుశా ఎలాగైనా జరిగేది కాదేమో. మనకి ఎప్పటికీ తెలియదు. నువ్వు చేసిన అసలు తప్పు అది. అసలు కారణమేదో తెలుసుకునే వీలు లేకుండా చేశావు."

ఏడో నంబరు పేరు మీద ఉన్న రికార్డు పుస్తకం తీసి నా ముందు పెట్టింది. "రాయి. ఏం చేశావో, ఏ రోజున చేశావో. నీ చేత్తో రాయి. తర్వాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది."

రాశాను. పదకొండు వాక్యాలు వచ్చాయి. ఇంగ్లీషులో 'బెంగ' అని రాయడానికి మాట దొరక్క చాలాసేపు ఆగిపోయాను. చివరికి తిండి తగ్గింది, గూడు వదలలేదు అని రాశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. మర్నాడు పొద్దున బాస్ ఎప్పట్లాగే తాళంచెవులు నా చేతికిచ్చింది. మా మధ్య ఆ విషయం మళ్ళీ రాలేదు.

ఏడో నంబరుని మరుసటి ఏడు కూడా ప్రయత్నించాం. ఎదకి రాలేదు. ఆ తర్వాత జాబితాలోంచి దాని పేరు తీసేశారు. దాని ఒక్క పిల్ల మూడో నంబరు దగ్గర ఏపుగా పెరిగి, ఏడాదిన్నరకి వేరే సెంటర్‌కి వెళ్ళిపోయింది. తల్లీ బిడ్డా మధ్య రెండు కంచెలు, ఒక గుట్ట. ఒకర్నొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

తర్వాత రెండేళ్ళకి రిటైర్ అయ్యాను. మోకాళ్ళు సహకరించలేదు. ఇప్పుడు ఫ్రిస్కోలో పొద్దున్నే లేచి కాఫీ పట్టుకుని వెనక వాకిట్లో నిలబడతాను. ఎక్కడో పిట్ట కూస్తుంది. చెట్టు వైపు చూడను, కంచె వైపు చూస్తాను. మనుషుల మీద బెంగ పెట్టుకుంటే ఫోన్ చేయవచ్చు, చీతా మీద పెట్టుకుంటే ఏం చేయాలి?

పోయిన వసంతంలో మా ఆవిడే అంది. "ఏవండీ, అంత బెంగగా ఉంటే వెళ్ళి చూసొద్దాం పదండి. పదహారేళ్ళు అక్కడ ఉన్నారు, నేను ఒక్కసారి కూడా చూడలేదు." నిజమే. వారం వారం నేనే ఇంటికి వచ్చేవాణ్ణి, తను వచ్చింది లేదు. ఇద్దరికీ టూర్ బుక్ చేసింది. నేను పెంట ఎత్తిన చోటికి టూరిస్టుగా, వ్యాన్‌లో, కిటికీ పక్కన కూర్చుని వెళ్ళాను. బాస్ వెళ్ళిపోయింది, టోపీ పెద్దమనిషి పోయాడు. గైడుగా వచ్చిన అమ్మాయికి నేనెవరో తెలియదు. నేనూ చెప్పలేదు.

ఏడో దొడ్డి దగ్గర వ్యాన్ ఆగింది. పదమూడేళ్ళది, చెట్టు నీడలో పడుకుని ఉంది. తుంటి ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి. మా వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. నన్ను గుర్తుపడుతుందని మనసులో అనుకున్నట్టున్నాను.

"ఇదేనా మీ ఏడు?" అంది మా ఆవిడ.

అప్పుడు చెప్పాను. ఏడో నంబరు పేరు తనకి తెలుసు గానీ, ఈ సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదు. గడ్డి, మగది, రికార్డు పుస్తకం, అంతా. గైడు అమ్మాయి ముందు సీటు వాళ్ళకి చీతా వేగం గురించి చెబుతోంది. మా ఆవిడ వింటూ ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ పట్టీ మెలిపెడుతూ కూర్చుంది.

"పార్సిప్పనీలో ఉన్నప్పుడు," అంది, "పాపని చీరాల పంపినప్పుడు, దాని బట్టలన్నీ ఉతికి సూట్‌కేస్‌లో సర్దింది మీరే. ఒక్కటి కూడా ఇంట్లో ఉండకూడదన్నారు. చూస్తే ఏడుస్తానని."

అవును. మా అమ్మాయికి ఎనిమిది నెలలప్పుడు మా ఆవిడ ఉద్యోగంలో, నేను పరీక్షల్లో ఉండి, పెంచే దిక్కు లేక అత్తగారి దగ్గర రెండేళ్ళు వదిలాం. ఆ రోజుల్లో ఇక్కడ చాలామంది ఆ పనే చేశారు. పాప మంచికేనని చెప్పి తనని ఒప్పించింది నేనే.

"ఒక గౌను దాచాను. ఉతకనిది. రెండేళ్ళూ నా దిండు గలీబులో ఉంది."

పక్కనే పడుకున్నవాణ్ణి. నాకు తెలియదు.

"మరి దానివల్ల నీకు కాస్త ఊరటగా ఉండేదా?"

"ఊరటా! అది ఉన్నన్నాళ్ళూ ఒక్కరోజు కుదుటపడలేదు. పారేసి ఉంటే ఏ ఆరు నెలలకో మామూలు మనిషిని అయ్యేదాన్ని."

"పారెయ్యలేకపోయావా?"

తను నా వైపు తిరిగింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ చూపు నేను చూడలేదు.

"పిచ్చి మాటలు మాట్లాడకండి. మీరు గాని అది కనిపెట్టి ఉతికేసి ఉంటే, ఈ రోజు మీ పక్కన కూర్చుని ఉండేదాన్ని కాదు."

వ్యాన్ కదిలింది. ఏడో నంబరు తల ఎత్తలేదు. మలుపు తిరిగి ఆ దొడ్డి కనుమరుగయ్యే దాకా మా ఆవిడ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.